టీచరమ్మ ఇచ్చిన దుప్పటి

నేను ఒక నేత దుప్పటిని. దుబ్బాకలో రాజవ్వ నూలు కండెలు చుట్టి ఇస్తే ఆమె పెనిమిటి మగ్గం మీద నన్ను నేశాడు. నీలం మీద తెల్ల చారలు. కొత్తలో మంచి బరువుండేదాన్ని, కొంచెం గర్వం కూడా ఉండేది.

సుగుణమ్మ టీచర్ ఇంట్లో ఇరవై రెండేళ్లు ఉన్నాను. ఆమె పిల్లల జ్వరాలు, భర్త ఆఖరి రోజులు నా కిందే గడిచాయి. ఉతికి ఉతికి చివరికి వెలుతురులో ఎత్తి పట్టుకుంటే అవతలి గోడ కనిపించేంత పలచబడ్డాను, ఒక చోట చిరిగాను కూడా.

ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం చర్చిలో పేదల కోసం ఒక పెట్టె పెట్టారు. ప్రభువు చేతికే ఇస్తున్నామనుకుని ఇవ్వమన్నారు పాస్టరు అయ్యగారు. టీచరమ్మ ఆ పెట్టెలో వేయడానికి కొత్త రగ్గు కొన్నది. ఇంటికి తెచ్చి చెంపకు ఆనించుకుంది. మెత్తగా ఉంది. బీరువాలో పెట్టేసుకుంది. నన్ను ఇస్త్రీ చేసి, చిరుగు లోపలికి పోయేలా మడిచి, ఆ పెట్టెలో వేసింది. చిరుగును దాచడానికి మనుషులు పడే శ్రమలో సగం పడితే దాన్ని కుట్టేయవచ్చు. ఆమెననడం దేనికి, ఆ మడతలో నేనూ కిక్కురుమనలేదు.

బస్టాండు ఊడ్చే లచ్చవ్వకు చేరాను. మడత విప్పి చిరుగు చూసింది. ఆ పూటే సూదీ దారం అడిగి తెచ్చుకుని కుట్టింది. అయినా చలి నాలోంచి నేరుగా ఆమె ఎముకల్లోకి దిగేది. రాత్రిళ్లు బస్టాండులోనే మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునేది. దానమన్న పేరుతో వచ్చి ఆమెను మోసం చేశానని నాకు తెలుసు.

మూడో వారంలో ఒక ఉదయం టీచరమ్మ బస్సు కోసం వచ్చి, కళ్లు తిరిగి పడిపోయింది. జనం మూగారు. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయారు. లచ్చవ్వ చీపురు పక్కన పడేసి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని నన్ను కప్పింది. చాయ తెప్పించి గుక్క గుక్కగా తాగించింది.

కాస్త తేరుకున్నాక టీచరమ్మ వేళ్లు నా అంచును తడిమి ఆగిపోయాయి.

"లచ్చవ్వా, ఇది నా దుప్పటి."

"ఎరుకే టీచరమ్మా. మీ దండెం మీద మస్తుసార్లు చూసిన."

"చినిగింది ఇచ్చిన నీకు. కోపం రాలేదా?"

లచ్చవ్వ నన్ను ఆమె భుజం మీదికి సర్దింది. "కోపమెందుకు? దేవునికిచ్చేటియి గిట్లనే ఉంటయేమో అనుకున్న."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. టీచరమ్మ నన్ను ముఖం మీదికి లాక్కుంది. నేనేం దాచగలను? ఆమె ఏడవడం నాలోంచి కనబడుతూనే ఉంది.

సాయంత్రం టీచరమ్మ బీరువాలోని రగ్గు బస్టాండుకు తీసుకొచ్చింది. లచ్చవ్వ దాన్ని అందుకుని, గోడవార దగ్గుతున్న ముసలాయనకు కప్పి వచ్చింది.

"ఆయనకేం లేదు. నాకిదున్నది గద. కూసో టీచరమ్మా, గాలి కొడ్తున్నది," అంటూ నాలో సగం ఆమె వైపు జరిపింది.

టీచరమ్మ కిందే కూర్చుంది. క్షమించమని అడగడానికి రెండుసార్లు నోరు తెరిచింది. పొద్దంతా ఊడ్చి అలసిన లచ్చవ్వ అప్పటికే ఆమె భుజం మీద తల వాల్చి కునుకు తీస్తోంది. ఇద్దరికీ చలి తగులుతూనే ఉంది. ఆపడం నా వల్ల కాలేదు.

చర్చిలో సాయంత్రం ప్రార్థనకు గంట మోగింది. టీచరమ్మ లేవలేదు.