కొత్త నాడాలు

మా ఆయన ముప్పై ఏళ్లుగా గాడిదలకు నాడాలు కొడుతున్నాడు. ఆయన పనికి వంక పెడితే మీదపడి కరిచేస్తాడు. పుణ్యక్షేత్రానికి ఇరవై రోజుల నడక మొక్కుకున్నాం. బయలుదేరే ముందు, సామాను మోసే మా ముసలి గాడిదకు కొత్త నాడాలు తనే కొట్టాడు.

ఐదో రోజు అది కుంటడం మొదలుపెట్టింది.

"వేషాలేస్తోంది," అంటూ కర్ర తీశాడు. కాలు చూడమని నేను మొత్తుకున్నాను. "నా పని నాకే నేర్పుతావా?" అని నా మీద ఇంతెత్తున లేచాడు. ఆ తర్వాత రోజూ దాన్ని కొడుతూనే నడిపించాడు.

పద్దెనిమిదో రోజు గుడి శిఖరం కనబడే మలుపులో అది కూలబడింది. పక్క సత్రంలో నాడాలు కొట్టే ముసలాయన వచ్చి, ముందుకాలి నాడా ఊడదీశాడు. చీము బొటబొటా కారింది. ఒక మేకు గిట్ట దాటి కండలోకి దిగి ఉంది.

"ఏ చేతకానివాడు కొట్టాడమ్మా దీన్ని?" అని నన్ను అడిగాడు.

నేను మా ఆయన వంక చూశాను.

"దారిలో ఎవడోలే," అన్నాడాయన.

మధ్యాహ్నానికి గాడిద చచ్చిపోయింది. మా ఆయన మిగతా మూడు నాడాలూ ఊడబెరికి సామాను మూటలో వేశాడు.

"కొత్తవేగా, ఇంకోదానికి పనికొస్తాయి," అంటూ ఆ మూట నా నెత్తికెత్తాడు.