మూడేళ్లకోసారి వచ్చే మొగుడు

ఆ రోజు పదిహేను కిలోల ఉల్లిపాయలు తరిగాను. మా ఆయన మోమర్ ఇటలీ నుంచి వస్తున్నాడు మరి. మా ఊరు లూగాలో ఎవరి పెరట్లోనైనా అంతంత గిన్నెలు బయటికొచ్చాయంటే అర్థం అదే. మూడేళ్లకోసారి నెల రోజులుంటాడు. ఆ నెలంతా మా ఇంట్లో పూటకి నలభై మంది తింటారు. వండేది నేను. పదకొండేళ్ల కాపురంలో మొగుడు ఊళ్లో ఉన్నది నాలుగు నెలలు, అందులో మూడు నెలలు నేను పొయ్యి దగ్గరే ఉన్నాను.

మా అత్త సోఖ్న చాప మధ్యలో కూర్చుని మోమర్ తెచ్చిన పెట్టెలు విప్పించింది. "ఇది పెద్ద మేనత్తకి. ఇది ఇమాంగారికి. ఈ సెంటు ఆ ఎదురింటావిడకి, లేకపోతే ఏడుస్తుంది." అన్నీ పంచేశాక నావైపు చూసి, "నీకెందుకే, నీకు ఏకంగా మొగుడే వచ్చాడుగా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చిన మొగుడు ఎక్కడున్నాడా అని చూస్తే, జనం మధ్యలో టీ తాగుతూ ఎవరి పెళ్లికో గొర్రెను కొనిస్తానని మాటిస్తున్నాడు.

"పక్కింటి హమాత్ కొడుకు ఏడాదికి రెండుసార్లొస్తాడు," అంది అత్త నాకు వినబడేలా. "నా కొడుకు నీ వంటకి జడిసి రావట్లేదే యాసిన్!"

హమాత్ కొడుక్కి ఇటలీలో సొంత కొట్టుంది. మోమర్‌ది గోదాములో రోజుకూలీ, రాని రోజుకి జీతం లేదు. ఆ సంగతి చెబితే కొడుకు పరువు తీశానంటుంది.

తిరుగు ప్రయాణం రోజు టాక్సీకి నా కుట్టుపని డబ్బులే ఇచ్చాను. "టికెట్లు మండిపోతున్నాయి యాసిన్, అందుకే తరచూ రాలేకపోతున్నా," అన్నాడు మొహం వేలాడేసి. ఆ మాట మీద చాలా రోజులు బట్టలుతుకుతూ ఆలోచించాను. టికెట్‌దేముంది, మొత్తం ఖర్చులో పావు వంతు కూడా కాదు. మిగతాదంతా పెట్టెలు, గొర్రెలు, నలభై మంది భోజనాలు. నేను ఊడిగం చేస్తున్నది నా మొగుణ్ణి నాకు దూరంగా ఉంచడానికా?

మోమర్‌కి ఫోన్ చేసి చెప్పాను. "అక్టోబర్‌లో రా. పండగల్లేవు, టికెట్ సగం ధర. చిన్న సంచితో రా, ఎవరికీ చెప్పకు. సెయింట్ లూయీ పట్నంలో గది తీసుకుంటాను."

"చేతులూపుకుంటూనా? ఊరేమనుకుంటుంది?"

"ఊరికి తెలిస్తేగా! రాజులా వస్తే మూడేళ్లకోసారి, మొగుడిలా వస్తే ఏడాదికోసారి. ఏది కావాలో చూసుకో."

టికెట్ లెక్కలేవో గొణుక్కుని, "చేపలన్నం వండుతావా?" అన్నాడు.

"వండను," అన్నాను.

అత్తతో పిన్ని ఇంటికి వెళ్తున్నానని చెప్పి బస్సెక్కాను. అతను నిజంగానే ఒక్క సంచితో వచ్చాడు. మర్నాడు బజారుకెళ్లి చేప తెచ్చి, తోమి, కారం దట్టించి, నా కళ్లముందే వండాడు! ఇటలీలో తానుండే గదిలో ఐదుగురికి వంతులేసుకుని వండుతాడట.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు వంటింట్లోంచి బయటికొస్తేగా చెప్పడానికి!"

నాలుగో రోజు మధ్యాహ్నం నేను జుట్టు ఆరబెట్టుకుంటుంటే నా ఫోన్ మోగింది. తెర మీద వాళ్లమ్మ పేరు చూసి మోమర్ అలవాటుగా ఎత్తేసి, "ఆఁ, అమ్మా!" అన్నాడు. అనేసి, నిప్పు కణికలా ఫోన్‌ని నా ఒళ్లో పడేశాడు.

"అది మోమరేనా?" అంది అత్త.

"అవునత్తయ్యా."

"ఏం తెచ్చాడు?"

"ఏమీ తేలేదు."

"ఏమీ తేకుండా ఎందుకొచ్చాడే మరి?"

"నా కోసం."

తిట్లకి సిద్ధపడి ఫోన్ కాస్త దూరంగా పట్టుకున్నాను. తిట్లు రాలేదు. మా మామగారు గబాన్ దేశంలో ఇరవై ఏళ్లు పనిచేసి మొత్తం నాలుగుసార్లే వచ్చారని విన్నాను. అప్పుడు ఆ గిన్నెల ముందు కూర్చున్నది ఈవిడే.

"వంటెవరు చేస్తున్నారు?" అంది.

"మీ అబ్బాయే."

నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో, "ఆ గదిలో ఇంకో మంచం పడుతుందా అమ్మాయ్?" అంది.

గది చుట్టూ చూశాను. ఇంకో మూడు మంచాలైనా పడతాయి.

"పట్టదత్తయ్యా," అన్నాను.