గోగునార సంచీ

యమున పొద్దున్నే నాలుగు పనులు ఒకేసారి చేస్తుంది. పొయ్యి మీద అన్నం, దాని పక్కన చారు, కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలు, వీధరుగు మీద కూతురు దేవి చేత కసరత్తు. నెల్లిమర్లలో అదేమీ వింత కాదు. ఆడది నాలుగు పనులు చేస్తే మామూలు రోజు. మగాడు పప్పులో తాలింపు వేస్తే వీధంతా చెప్పుకుంటారు.

ఆ నెలలో ఐదో పని వచ్చి పడింది. రైలుగేటు పక్కనున్న పాత వ్యాయామశాలని పడగొట్టేస్తున్నారు. లోపలి సామాను కావలసినవాళ్ళు కొనుక్కోవచ్చన్నారు. పదహారేళ్ళ కిందట యమున బాక్సింగు నేర్చుకున్నది అక్కడే. ఇప్పుడు దేవి నేర్చుకుంటున్నదీ అక్కడే. మూడు వారాల్లో విజయనగరంలో సెలక్షన్లు. నలభై ఆరు కేజీల్లోపు పిల్లల్లో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, కోచింగు, చదువు. వ్యాయామశాల లేకపోతే ఈ మూడు వారాలూ ఆ గుంట దేన్ని కొడుతుంది, గోడనా? అందుకని కుట్టుకూలి డబ్బు పెట్టి నిలువెత్తు తోలు సంచీ, రెండు జతల గ్లౌజులు ఆటోలో వేయించుకుని తెచ్చుకుంది.

"ఇదేటే, ఏనుగు కాలు తెచ్చేవేటి?" అన్నాడు భర్త నరేష్.

"నీకు బరువు కాదులే బావా. దూలానికి ఏలాడతాది."

నరేష్ ఆమెకి మేనమామ కొడుకు. వాళ్ళ నాన్న గోగునార వ్యాపారం చేసేవాడు. నరేష్ కూడా కొన్నాళ్ళు చేసి, ఇప్పుడు లారీ బుకింగు ఆఫీసులో కూర్చుంటున్నాడు. మంచివాడని పేరు. ఎవరి మీదా గొంతెత్తడు. కూతురికి అడక్కుండానే బూట్లు కొనిచ్చాడు కూడా.

సంచీ తోలు ఎండిన చెరువులా నెర్రెలిచ్చి ఉంది. యమున తడిగుడ్డతో బూజు తుడిచి, నీడన ఆరబెట్టి, రోజూ రెండు పూటలా ఆముదం పట్టించింది. గొలుసుల తుప్పు కిరసనాయిలుతో వదిలించింది. కుట్లు ఊడిన చోట తన మిషను సూది దిగదని, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఎల్లాజీని అడిగి తోలుకి బెజ్జాలు పెట్టే ఆరె తెచ్చుకుని, మైనం రాసిన దారంతో చేత్తోనే కుట్టింది. లోపలున్న గోగునారంతా లాగి డాబా మీద ఎండబెట్టి, మళ్ళీ కూరింది. కూరడానికి ఇంట్లో పచ్చళ్ళ రోకలి సరిగ్గా సరిపోయింది.

"ఇది పాతకాలం నారమ్మా," అన్నాడు ఎల్లాజీ, ఆరె పట్టుకెళ్ళడానికి వచ్చినప్పుడు. "అబద్దం తాగుతాది, తెలుసు కదా?"

"తెలుసు బాబూ. కింద బేసిను పెట్టుకుంటాను."

ఈ చుట్టుపక్కల తెలియనిదెవరికి? గోగునారకి చెమ్మ అంటే ఆశ. అందుకే తూకానికి ముందు కట్టల మీద నీళ్ళు చల్లి బరువు పెంచేవాళ్ళు వ్యాపారులు. పాతకాలం నార ఇంకో అడుగు ముందుకేసి, తన దగ్గర ఆడిన అబద్ధాన్ని కూడా చెమ్మలాగే పీల్చుకుంటుంది. పట్టనంత అయితే కార్చేస్తుంది. పూర్వం పెళ్ళిసంబంధాలు నార గోదాముల దగ్గర మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒక్క పెళ్ళీ అయ్యేది కాదని.

"దానికి నిజంతో పన్లేదు, మనసుతోనే పని," అన్నాడు ఎల్లాజీ. "నమ్మి సెప్పిన అబద్దానికి తడవదు. నమ్మకుండా సెప్పిన నిజానికీ తడిసిపోతాది."

వీధరుగు మీద దూలానికి సంచీ వేలాడింది. దేవి కొట్టడం మొదలుపెట్టింది. పక్కింటి పద్మకుమారి కబుర్లకొచ్చి, "మా ఇంట్లో ఉల్లిపాయలు నిండుకున్నాయే" అంటే నాలుగు చుక్కలు రాలాయి. ఆవిడ చెల్లెలు గరివిడి నుంచి ఫోను చేసి, స్పీకర్లో "బస్సెక్కేసేను అక్కా" అంటే కూడా చుక్కలు రాలాయి.

"ఇంకా సీరే కట్టుకోలేదన్నమాట," అని పద్మకుమారి ఉల్లిపాయలు పట్టుకుని నింపాదిగా వెళ్ళింది.

నరేష్ ఇంట్లో ఉన్న పూట మాత్రం దేవి రెయిన్‌కోటు వేసుకుని ప్రాక్టీసు చేసేది. కొట్టిన ప్రతి దెబ్బకీ సంచీ నీళ్ళు చిమ్మేది. ఆఫీసులో ఆలస్యం అయిందన్నవి, సీసా ముట్టలేదన్నవి. గ్లాసెడు అబద్ధాలకి యమున ఏనాడో అలవాటు పడింది. గ్లాసెడు తాగని కాపురం ఏ వీధిలో ఉంది కనుక?

ఆమె మాత్రం సంచీ పక్కన కూర్చుని తన కథ ఎన్నిసార్లు చెప్పినా ఒక్క చుక్క రాలేదు. పంతొమ్మిదో ఏట తనూ సెలక్షన్లకి వెళ్ళింది. నలభై ఎనిమిది కేజీల్లోపు. మూడు రోజులు మంచినీళ్ళు కూడా కొలిచి తాగింది. ఆ తెల్లవారుజామున నరేష్ బావ కుంకుడుకాయలు తెచ్చి, తనే రాయి మీద కొట్టి, రసం తీసి ఇచ్చాడు. "మంచి పనికి ఎల్తన్నావు, తలకి పోసుకుని ఎల్లు" అన్నాడు. అప్పటికి ఆమె జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది. తీరా కాటా ఎక్కితే మూడొందల గ్రాములు ఎక్కువ చూపించింది. పక్కకి తప్పుకోమన్నారు. ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆర్నెల్లకి బావతో పెళ్ళి.

"ఆటలో ఓడిపోయినా, నాకోసం కుంకుడుకాయలు కొట్టిన మగాడు దొరికేడు," అని ముగించేది నవ్వుతూ. అక్కడ నవ్వేది గానీ, ఈ పదహారేళ్ళూ అద్దంలో తన నడుముని దొంగని చూసినట్టే చూసింది. అన్నం పిడికిలితో కొలుచుకుని తింది. ఆ రోజు తన ఒళ్ళే తనని మోసం చేసిందని ఆమె నమ్మకం. నమ్మి చెప్పింది కాబట్టే సంచీ పొడిగా ఉంది.

సెలక్షన్లకి మూడు రోజుల ముందు జగన్నాధం మేస్టారు వచ్చారు. యమునకి బాక్సింగు నేర్పింది ఆయనే, ఆ రోజు సెలక్షన్లకి తీసుకెళ్ళిందీ ఆయనే. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. టీ గ్లాసు అందుకుని, కొత్తగా మెరుస్తున్న తోలుని చేత్తో నిమిరారు.

"నీలాటి సెయ్యి మళ్ళీ సూడలేదమ్మా," అన్నారు. సంచీ పొడిగానే ఉంది. "ఏటి సేస్తాం? నీ ఒళ్ళే నీకు అన్నేయం సేసింది."

సంచీ అడుగు నుంచి ధార కట్టింది. బేసిను నిండింది. నీళ్ళు అరుగు మీద నుంచి మెట్లు దిగి వీధిలోకి పోయాయి. మేస్టారు టీ తాగడం ఆపి తన చెప్పులు తడవకుండా పక్కకి జరుపుకున్నారు.

యమున ఖాళీ బకెట్టు తెచ్చి ధార కింద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"సెప్పండి మేస్టారూ."

"ఏటి సెప్పమంటావు? ఆ రోజు కాటా ఎక్కినప్పుడు నీ జుట్టు తడిగా ఉన్నాది. పిండితే నీళ్ళొస్తాయి. నాకు కనబడతనే ఉన్నాది."

"మరి పిండమని సెప్పలేదేటి?"

"ముందు రోజు నీ బావ నా కాడికొచ్చేడమ్మా. యమున కేంపుకి ఎల్లిపోతే మళ్ళీ తిరిగి రాదు మేస్టారూ, నాకు దక్కదు, మీరు ఊరుకోండి సాలు అన్నాడు. కుర్రోడు కళ్ళనీళ్ళు ఎట్టుకున్నాడు. నాను ఊరుకున్నాను, అంతే."

కుర్రాడి కళ్ళనీళ్ళు ఆయనకి కనపడ్డాయి. మూడు రోజులు నీళ్ళు కొలిచి తాగిన పిల్ల గొంతు కనపడలేదు.

యమున బకెట్టు మార్చింది. ఇదంతా నార తూకం ఊరు. కట్టకి చెయ్యి తగిలితే చాలు, ఎన్ని చెంబులు చల్లారో చెప్పగల జనం. ఆ రోజు కాటా చుట్టూ అంతమంది నిలబడి, తడిసిన జడని మాత్రం జడగానే చూశారు. ఆమె కూడా అంతే. అమ్మకానికి పెట్టిన సరుక్కి కదా నీళ్ళు చల్లుతారు, తనకి చల్లుతారని ఎలా అనుకుంటుంది?

ఆమె నరేష్‌ని ఏమీ అడగలేదు. రెండు రోజులు మిషను తొక్కుతూనే ఉంది. అప్పుడు ఇరవై రెండేళ్ళ కుర్రాడు, బుద్ధి తక్కువై చేశాడు, ఇప్పుడు కూతురి తండ్రి అని తనకి తనే చెప్పుకుంది. మిషను ఇంటి లోపల ఉంది కనుక సంచీకి ఆ మాట వినపడలేదు.

శనివారం సాయంత్రం దేవి బరువు చూస్తే నలభై ఐదు కేజీల ఎనిమిది వందలు. నరేష్ నవ్వుతూ ఇంటికొచ్చి, చేతిలో పొట్లం అరుగు మీద పెట్టాడు. కుంకుడుకాయలు.

"రేపు మంచి పనికి ఎల్తాది కదా. తెల్లారే లేచి నానే కొడతాను. గుంటకి తలకి పొయ్యి," అన్నాడు.

దేవి జడ నడుము దిగి ఉంది. యమున ఆ జడని చూసింది, పొట్లాన్ని చూసింది. కూతుర్ని లోపలికి పొమ్మంది.

"బావా, ఇలగ రా. సంచీ పక్కకి రా. ఆ రోజు నాకెందుకు కొట్టేవు కుంకుడుకాయలు?"

నరేష్ సంచీ వంక ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

"నీ మీద పేమతోటే," అన్నాడు.

యమున సంచీ వంక చూసింది. చూస్తూనే ఉంది. ఒక్క చుక్క రాలలేదు. తోలు ఎండలో పెట్టినట్టు పొడిగా ఉంది.

కారి ఉంటే బాగుండేది. కారితే దొంగ అని తిట్టి ఊరుకునేది. ఈ మనిషి పదహారేళ్ళుగా దాన్ని ప్రేమ అనే నమ్ముతున్నాడు. నమ్మి, అదే పొట్లం కూతురి కోసం మళ్ళీ కట్టించుకుని వచ్చాడు.

"దేవికి అలగ సెయ్యను. ఒట్టు," అన్నాడు నరేష్.

దూలం కిర్రుమంది. సంచీ మీద కుట్టు కుట్టుకీ నీళ్ళు పొంగి, ధారగా దిగి, పొట్లంలోని కుంకుడుకాయల్ని అరుగు మీద నుంచి తోసుకుపోయాయి. ఇద్దరూ కాళ్ళు తడుపుకుంటూ నిలబడ్డారు. కాసేపటికి నరేష్ గుడ్డ తెచ్చి అరుగు తుడవడం మొదలుపెట్టాడు. మంచివాడు కదా.

తెల్లవారకముందే తల్లీకూతుళ్ళు మొదటి బస్సెక్కారు. దేవి తలకి పోసుకోలేదు, దేవుడికి దణ్ణం మాత్రం పెట్టుకుంది. విజయనగరంలో కాటా దగ్గర యమున కూతురి జడ విప్పి, పొడిగా ఉందో లేదో వేళ్ళతో మొదలంటా తడిమి చూసి, మళ్ళీ అల్లింది. నలభై ఐదు కేజీల ఏడు వందలు. మధ్యాహ్నానికి దేవి మూడు బౌట్లూ నెగ్గింది. పెదవి చిట్లిన నోటితోనే రెండు ప్లేట్ల పూరీ తింది. యమున కూడా కొలవకుండా తింది.

మూడింటికి ఫోను మోగింది. నరేష్.

"నెగ్గిందా?"

"నెగ్గింది."

"ఎక్కడున్నావే? నాను అరుగు మీద కూకుని స్పీకర్లో మాటాడతన్నాను. అన్నం నానే వండేను." గొంతు చిన్నగా ఉంది. "ఎప్పుడొస్తారు?"

"సాయంత్రానికి వచ్చేస్తాం," అంది యమున, మామూలుగా, పదహారేళ్ళ అలవాటుగా.

ఫోనులోంచి, బేసినులో చుక్క పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ధార.

యమున ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని ఆ చప్పుడు చివరిదాకా విన్నది. పక్కన దేవి కొత్త బూట్ల లేసులు విప్పుకుంటోంది. ఎదురుగా బస్సు కాంప్లెక్సులో గరివిడి బస్సు నిలబడి ఉంది. గరివిడిలో ఆమె తల్లి గున్నమ్మ ఇల్లు ఉంది, ఒక గదైతే ఖాళీగానే ఉంటుంది.

"బావా," అంది. "సంచీ నాది. మిషనూ నాదే. రేపు ఆటో తెచ్చుకుని వాటికోసం వస్తాను."

ఇద్దరూ విన్నారు. అవతల ఒక్క చుక్క రాలలేదు.