అయిదో చెరువు రిపోర్టు

రాజోలు అవతల, సముద్రపు గాలి తగిలే చోట, శ్రీదుర్గకీ ఆమె భర్త నాగసతీష్‌కీ అయిదు రొయ్యల చెరువులున్నాయి. మేత ఎంత వేశారు, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుంది, నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయా అన్నది పనివాళ్ళు నోటుబుక్కులో రాసేవారు. వాన వస్తే ఆ రాత కాస్తా కరిగిపోయేది. శ్రీదుర్గ చదివింది బీకాం. కోడింగ్ ఒక్క ముక్క రాదు. అయినా వీడియోలు చూస్తూ, తెర మీద గడులు లాగి పెట్టుకుంటూ, ఏం జరిగితే ఏం చెయ్యాలో జాబితాలోంచి ఎంచుకుంటూ మూడు వారాల్లో సొంతంగా ఒక యాప్ తయారుచేసింది. పనివాళ్ళు అందులోని ఫారంలో గడులు నింపితే ఆమె ఫోన్‌కి రిపోర్టు వస్తుంది.

అందులో ఆమె ముచ్చటపడి పెట్టుకున్న ఏర్పాటు ఒకటుంది. ఆక్సిజన్ తగ్గితే కాపలా మనిషి ఫోన్ మోగుతుంది. అతను సరిచేసి బటన్ నొక్కేదాకా అయిదు నిమిషాలకోసారి మోగుతూనే ఉంటుంది.

కాపలా మనిషి సూరయ్య. సముద్రం మీద వేట మానేసి చెరువుల పనికి వచ్చినవాడు. భాద్రపదంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఒంటిగంట వేళ, అయిదో చెరువులో ఏరేటర్ ఆగిపోయింది. సరిచెయ్యడానికి నీళ్ళలోకి దిగిన సూరయ్య కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు.

"మెయిన్ స్విచ్చి ఆపొచ్చేదాకా ఆగమన్నానండి," అన్నాడు పక్క చెరువులో పనిచేసే బాబ్జీ, శ్రీదుర్గ ఒక్కతే ఉన్నప్పుడు. "ఫోను ఊరుకుంటే కదండీ. నాలుగోసారి మోగేసరికి దిగిపోయేడండి."

శ్రీదుర్గ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. యాప్‌లోంచి సూరయ్య పేరు తీసేసింది. అయిదో చెరువు నీళ్ళు తోడించి ఎండబెట్టారు.

నెల తిరిగాక, ఒకరోజు సరిగ్గా ఒంటిగంటకి రిపోర్టు వచ్చింది.

"అయిదో చెరువు. నీళ్ళు నాలుగున్నర అడుగులు. ఏరేటర్ ఆగి ఉంది. చూసినవారు: సూరయ్య."

ఎవరో ఆకతాయితనం చేశారనుకుంది. సూరయ్య ఫోన్ తడిసి పాడై బీరువాలో ఉంది. యాప్ కంపెనీకి ఫోన్ చేసి అడిగింది. "రిపోర్టు మీ ఫారంలోంచే వచ్చిందండి. ఆ పేరుతో మాత్రం ఎవరూ లేరు," అన్నారు.

మర్నాడు ఒంటిగంటకి మళ్ళీ వచ్చింది.

మూడోరోజు ఆమె ముందే వెళ్ళి అయిదో చెరువు గట్టు మీద నిలబడింది. అడుగున మట్టి నెర్రెలు విచ్చి ఉంది. కనుచూపుమేరలో మనిషి లేడు. చేతిలో ఫోన్ కదిలింది. నీళ్ళు నాలుగున్నర అడుగులు. దాని కింద, ఎప్పుడూ ఖాళీగా ఉండే గడిలో ఇంకో మాట:

"గట్టు మీద అమ్మగారు ఉన్నారు."

శ్రీదుర్గ ఒక్క పరుగున ఇంటికి వచ్చి పడింది. "ఆ చెరువు పేరే యాప్‌లోంచి తీసెయ్," అన్నాడు నాగసతీష్. తీసెయ్యబోయింది. వేలు ఆడలేదు. సాయంత్రం సూరయ్య భార్య నూకాలమ్మ ఇంటికి వెళ్ళి, ఆ ఫోన్ మోతతో సహా జరిగిందంతా చెప్పేసింది.

నూకాలమ్మ తిట్టలేదు, ఏడవలేదు. శ్రీదుర్గ చేతిలో ఫోన్ వైపు చూసింది.

"దాంట్లో ఇంకో ప్రశ్న పెట్టగలరాండి?"

"పెట్టగలను. ఎంతసేపు పని?"

"అన్నం తిన్నాడో లేదో అడగండి."

శ్రీదుర్గ అక్కడే కూర్చుని ఫారంలోకి కొత్త గడి ఒకటి లాగింది. భోజనం అయ్యిందా? అవును, లేదు. మర్నాడు ఒంటిగంటకి ఇద్దరూ శ్రీదుర్గ ఫోన్ ముందు కూర్చున్నారు.

"భోజనం: లేదు. పని అవ్వలేదండి."

శ్రీదుర్గ చదివి వినిపించింది. "ఆవేళ తినకుండానే దిగేడండి," అంది నూకాలమ్మ. "క్యారేజీ పట్టికెళ్ళింది పట్టికెళ్ళినట్టే తిరిగొచ్చింది. లేవండి. మీరొచ్చి ఇక చాలని చెప్పాలి. పని చెప్పింది మీరే కదండీ."

ఇద్దరూ అయిదో చెరువు దగ్గరికి వెళ్ళారు. శ్రీదుర్గ ఎండిన మట్టి వైపు తిరిగి నిలబడింది. నూకాలమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"సూరయ్యా, తప్పు నాది," అంది శ్రీదుర్గ. "ఇక్కడ పనేమీ లేదు. ఇంటికెళ్ళిపో."

గాలి ఆగింది. నూకాలమ్మ వెనక్కి తిరిగి నడవసాగింది. సన్నటి గట్టు మీద ఒక పక్కకి ఒదిగి, పక్కన ఇంకో మనిషికి చోటు వదిలి, మెల్లగా నడిచింది.

ఆ తర్వాత రిపోర్టులు రాలేదు. ఇప్పుడు ఫోన్ ఒక్కసారే మోగుతుంది. మెయిన్ ఆపకుండా ఎవరూ నీళ్ళలోకి దిగొద్దని మొదటి గడిలోనే రాసి పెట్టింది శ్రీదుర్గ.

వారం పోయాక మధ్యాహ్నంపూట నూకాలమ్మని చూద్దామని వెళ్ళింది. తలుపు ఓరగా తీసి, నూకాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ముఖం తేటగా ఉంది. లోపలినుంచి వేడి చేపలపులుసు వాసన వస్తోంది.

"మళ్ళీ రండి అమ్మగారూ," అంది గొంతు తగ్గించి. "మిమ్మల్ని చూస్తే కంచం ముందునుంచి లేచిపోతాడు."

శ్రీదుర్గ వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.