దండ వేసిన ఫొటో

మా కంపెనీ లాయర్లు పోశయ్య కాకను ముఠా మనిషి అన్న రోజు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువ రోజులు ఉండలేదు.

నా పేరు ఉమాదేవి. గల్ఫ్‌లో, దుబాయ్‌కి అవతలున్న ఫుజైరా రేవులో ఓడలకు ఇంధనం పోసే కంపెనీ ఆఫీసులో పని చేస్తాను. జీతాలు చూడటం నా ఉద్యోగం. కార్మికుల తెలుగును పైవాళ్లకు ఇంగ్లీషులో చెప్పడం నా నెత్తిన పడ్డ చాకిరీ. కంపెనీ యజమాని హయాత్ బాషా, కడప మనిషి. అందరం సేటు అంటాం. ఉండేది ఇక్కడే అయినా ఆయన కంపెనీ షేర్లు అమెరికా మార్కెట్లో అమ్ముడవుతాయి.

పోశయ్యది జగిత్యాల వైపు పల్లె. ఆయిల్ ట్యాంకులు శుభ్రం చేసే పని. ఇక చాలనుకుని, ఇంటికి వెళ్లే కాగితాలు ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చాడు. సరిగ్గా ఆ రోజే కంపెనీ వార్షికోత్సవం. సేటు మెడలో వేయడానికి దుబాయ్ నుంచి బంతిపూల దండ తెప్పించారు. ఆయన విమానం ఆలస్యమైంది. పూలు వాడిపోతాయని రిసెప్షన్‌లో కూర్చునే ఫిలిప్పీన్స్ అమ్మాయి దండను గోడ మీదున్న సేటు ఫొటోకు తగిలించింది. ఎంత బాగుందోనని మురిసిపోయింది కూడా. పాపం, ఆమెకేం తెలుసు?

పోశయ్య ఆ ఫొటో చూసి అక్కడే చెప్పులు విడిచాడు. మనవాళ్లలో ఫొటోకు దండ పడ్డాక ఆ మనిషి గురించి అడిగేదేముంది? దండ వేసినవాళ్లు దీపం పెట్టకపోవడమే ఆయనకు బాధ కలిగించింది. టీ గదిలోంచి గిన్నెలో నూనె తెచ్చుకుని, దూదితో ఒత్తి చేసి, ఫొటో కింద వెలిగించాడు. కార్మికులుండే క్యాంపులో ఎవరు పోయినా ఆ పని ఆయనదే. తర్వాత ఫొటో తీసి ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద నాలుగు మాటలు రికార్డు చేశాడు.

“అన్నలాలా, మన సేటు పోయిండు. దండేసిండ్రు గని ఎవ్వలకు చెప్తలేరు. మంచి మనిషి, పాపం.”

ఆ మాట అబుదాబి పక్కన ముసఫ్ఫాలో క్రేన్ నడిపే ప్రమోద్‌కు చేరింది. అతను పోశయ్య మేనల్లుడు. అంతకుముందే ఫోన్లో మా కంపెనీ షేర్లు కొన్ని కొని పెట్టుకున్నాడు. వెంటనే వాటిని అమ్మేసి, ఫొటోను షేర్ల గ్రూపుకు పంపాడు. అక్కడి నుంచి అది ఎవరెవరికి వెళ్లిందో దేవుడికే తెలియాలి. సేటుకు ఎంతమంది ఫోన్ చేసినా విమానంలో ఉన్న మనిషి ఎలా పలుకుతాడు? ఆయన దిగేసరికి షేరు ధర సగానికి పడిపోయింది. ధర పడుతుందని ముందే పందెం కాసిన పెద్ద మదుపుదారులు బాగా గడించారు.

సేటు అమెరికా కోర్టులో దావా వేశాడు. అక్కడ మాఫియా ముఠాల కోసం చేసిన చట్టం ఒకటుంది. నష్టపోయినవాళ్లు దాని కింద సివిల్ దావా కూడా వేసుకోవచ్చు. గెలిస్తే నష్టానికి మూడింతలు వస్తుంది. కాకపోతే వీళ్లంతా కలిసి ఒక ముఠాగా పనిచేశారని చూపించాలి, అదీ ఒక్కసారి కాదు, అలవాటుగా చేస్తున్నారని చూపించాలి. అందుకని లాయర్లు ఆ పెద్ద మదుపుదారుల దగ్గర్నుంచి ఫొటో పంపిన ప్రతివాడినీ ఒకే దారానికి గుచ్చారు. దారం మొదట్లో పోశయ్య, ఆ పక్కన ప్రమోద్.

న్యూయార్క్ నుంచి వచ్చిన కంపెనీ లాయరు పోశయ్యను అడిగాడు, ఇలా దీపం పెట్టి ఫొటో పంపడం ఇంతకుముందు కూడా చేశావా అని.

“ఎవ్వలు పోయినా నేనే పెడ్త సార్. గుండె ఆగి పోయినోళ్లకు పెట్టిన, పైకెల్లి పడ్డోళ్లకు పెట్టిన. ఇంటోళ్లకు సూపియ్యాలె గద.”

నేను ఇంగ్లీషులో చెప్పగానే లాయరు ముఖం వెలిగిపోయింది. అలవాటు దొరికింది కదా. దిక్కులేని చావులకు పెట్టిన దీపాలను ముఠా అలవాటుగా రాసుకుంటుంటే నాకు ఒళ్లు మండింది.

కంపెనీ ఇక్కడి పోలీసులకు కూడా ఫిర్యాదు ఇవ్వడంతో పోశయ్య ప్రయాణం ఆగింది. ప్రమోద్ డబ్బిచ్చి చేయించాడని చెబితే కేసులోంచి పేరు తీసేసి టికెట్ ఇస్తామన్నారు. చెప్పకపోతే మేనమామ, మేనల్లుడు ఇద్దరూ ముఠాలోనే. ఊళ్లో భార్య సాయవ్వ ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడిగితే పోశయ్య అటు తిరిగి మాట్లాడేవాడు.

ఈలోగా సేటుకు ఏదో అవుతోంది. ఆయన క్యాంపులోకి వస్తే మనుషులు పక్కకు తప్పుకుని తలలు దించుకునేవారు, శవం ముందు దించుకున్నట్టు. సలాం చెప్పేవాడు లేడు. టీవీలో మాట్లాడితే, కంప్యూటర్ తయారుచేసిన బొమ్మ అన్నారు షేరుదారులు. ఆ రోజు పేపరు చేత్తో పట్టుకుని ఫొటో దిగాడు. అదీ బొమ్మే అన్నారు. షేరు లేవలేదు.

మా ఆఫీసు గేటు మనిషి ముఖం చూసి తెరుచుకుంటుంది. ఒక ఉదయం సేటు దాని ముందు నిలబడ్డాడు, నేను ఆయన వెనకున్నాను. గేటు కదల్లేదు. కళ్లద్దాలు తీశాడు, జుట్టు సర్దుకున్నాడు, మళ్లీ నిలబడ్డాడు. చివరికి తెర మీద ఆయన భుజం వెనకున్న నా ముఖం చుట్టూ పచ్చ గీత పడి గేటు తెరుచుకుంది.

లోపలికి నడుస్తూ ఆయన మెల్లగా అడిగాడు. “ఉమా, నా మాట నీకు ఇనపడతాంది గదా?”

“వినబడుతోంది సార్” అన్నాను. మెషీన్ చెడిపోయిందని తర్వాత ఐటీ వాళ్లు చెప్పారు. కావచ్చు. అప్పటి నుంచి ఆయన గదిలోకి ఒంటరిగా వెళ్లాలంటే నాకు భయం పట్టుకుంది.

సాక్ష్యం తీసుకునే రోజు వచ్చింది. న్యూయార్క్ తిరిగి వెళ్లిన కంపెనీ లాయరు, అవతలివాళ్ల లాయరు పెద్ద తెర మీద కనిపిస్తున్నారు. కిటికీలోంచి సముద్రం మీద కదలకుండా నిలబడ్డ ఓడలు కనిపిస్తున్నాయి. పోశయ్య చేత ప్రమాణం చేయించారు. సేటు ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు.

ఎవరు డబ్బిచ్చారని కంపెనీ లాయరు అడిగాడు.

“ప్రమోద్ గాడు చేయించినాడని చెప్పు పోశయ్యా” అన్నాడు సేటు, తెర మీదివాళ్లకు వినబడనంత నెమ్మదిగా. “ఇంటికి పోతావు. నాకూ ఇది ఒదిలిపోతాది.”

పోశయ్య నా వైపు తిరిగాడు. “ఎవ్వలియ్యలే బిడ్డా. దండ సూసిన, దీపం పెట్టిన. పిలగాన్ని ముంచి నేను ఇంటికి పోను. గట్లనే చెప్పు.”

చెప్పాను. కంపెనీ లాయరు ఫైలు మూశాడు. అప్పుడు అవతలి లాయరు, మదుపుదారుల తరఫు మనిషి, నవ్వుతూ ఒక ప్రశ్న వేశాడు. మీ ఎదురుగా ఉన్న పెద్దమనిషి బతికే ఉన్నాడని ఇప్పుడు నమ్ముతున్నారా?

అది వేళాకోళం. పోశయ్యకు మాత్రం కాదు.

“ఒట్టేసిన గద. సూడకుంట ఎట్ల చెప్త?” అని సేటు వైపు చెయ్యి చాపాడు. “సేటూ, మీ చెయ్యి గిట్లియ్యుండ్రి.”

సేటు చెయ్యి ఇచ్చాడు, ఇవ్వడానికే ఎదురుచూస్తున్నట్టు. పోశయ్య ఆ మణికట్టు మీద, నాడి కోసం, రెండు వేళ్లు ఆనించాడు. కొంచెం జరిపాడు, ఇంకొంచెం జరిపాడు. రెండో చెయ్యి కూడా అడిగి చూశాడు. తెర మీద నవ్వు ఆగిపోయింది. చివరికి ఆయన సేటు చేతులను మెల్లగా, ఒకదాని మీద ఒకటి, బల్ల మీద పెట్టాడు.

“ఈ మాట నన్ను అడగద్దని చెప్పు బిడ్డా.”

ప్రతి మాటా అనువదించడం నా పని. అనువదించాను. సేటు తన మణికట్టు తానే పట్టుకుని వెతకసాగాడు. మేము లేచి వచ్చేసేటప్పుడు కూడా ఆయన వేళ్లు జరుగుతూనే ఉన్నాయి.

సాక్ష్యం తీసిన ఆ వీడియో కోర్టులో ఆడితే కంపెనీకి ఏమీ మిగలదని లాయర్లే చెప్పారట. ఆ వారంలోనే దావా, ఫిర్యాదు రెండూ వెనక్కి తీసుకున్నారు. సేటు గదిలోంచి బయటికి రావడం మానేశాడు. పోశయ్యను దుబాయ్ ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్లాను. కొండల మధ్య దారంతా ఆయన మేనల్లుడి సంగతులు చెబుతూ హాయిగా ఉన్నాడు. దిగే ముందు ఉండబట్టలేక అడిగాను.

“కాకా, నిజంగా నాడి దొరకలేదా?”

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. “ఏడ దొరుకుతది బిడ్డా? ట్యాంకులల్ల మందులతోని కడిగి కడిగి నా ఏళ్లు మొద్దువారినయ్. ఉడుకుది పట్టినా తెల్వది. నాది నాకే దొరకది. ఒట్టేసినంక దొరికిందని ఎట్లంట?”

నేను నవ్వాను. గుండె తేలికైంది. ఆయన సంచి భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. కారులో కూర్చుని తాళం తిప్పబోతుంటే నా చెయ్యి ఆగిపోయింది. పోశయ్య వేళ్లంటే మొద్దుబారాయి, సరే. తన నాడి తాను వెతుక్కున్న సేటు ఏనాడూ ట్యాంకులో దిగలేదు.