మఖ్మల్ మధ్యలో కత్తెరమ్మ

పడినప్పుడు తగిలిన దెబ్బ కన్నా, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు చూపించిన ప్రేమే కత్తెరమ్మను ఎక్కువ కుంగదీసింది.

నాటకాల హాళ్ళకు తెరలు కుట్టే కార్ఖానా వాళ్ళది. గుడ్డ కోసేది ఆవిడే కాబట్టి అందరికీ కత్తెరమ్మ అయింది. ఒకరోజు గుడ్డ తాను అంచు కాలికి చుట్టుకుని బోర్లా పడింది. ఏదీ విరగలేదు. "ఎముక గట్టిగానే ఉంది, కండే కరిగిపోయింది. జాగ్రత్తగా ఉండండి, కాళ్ళకు బలం వచ్చే వ్యాయామాలు చెయ్యండి" అన్నాడు డాక్టరు. కొడుకూ కోడలూ జాగ్రత్త మాట ఇంటికి తెచ్చుకుని, వ్యాయామం మాట ఆసుపత్రి గుమ్మంలోనే వదిలేశారు.

ఇక చూడాలి ఆ జాగ్రత్తలు! కొడుకు మెత్తటి కుర్చీ కొన్నాడు. అత్తగారు కదిలితే చాలు, కోడలు పరుగున వచ్చి చంకల కింద చేతులు వేసి లేపేది. మంచినీళ్ళు చేతికి, చెప్పులు కాళ్ళకి. ముసలిదాన్ని పనిలోంచి తీసెయ్యడానికి ఇంతకంటే మర్యాదైన దారి ఇంకోటి లేదు. తిట్టి పంపితే తిరగబడుతుంది. బుజ్జగించి కూర్చోబెడితే ఏం చేస్తుంది? కొన్నాళ్ళకు స్నానాలగది దాకా నడవాలన్నా కత్తెరమ్మకు గోడ కావాల్సి వచ్చింది.

అప్పుడు కొడుకు అసలు మాట బయటపెట్టాడు.

"అమ్మా, వచ్చే నెల మొదలెట్టే కొత్త హాలు ఝాలరుకి బయటి మనిషిని మాట్లాడుతున్నా. ఇకనుంచి కోత అతనే చూసుకుంటాడు. నువ్వు కూర్చుని చెప్తే చాలు."

"కూర్చుని చెప్పడానికి నేనేమన్నా రేడియోనా?"

"నేల మీద పనమ్మా అది. దిగితే మళ్ళీ లేవగలవా?"

వేదిక పైన వంపులు వంపులుగా వేలాడే ఝాలరు అది. బల్ల మీద పెడితే గుడ్డ బరువుకి జారి వంపు చెడుతుంది. నేల మీద పరిచి, దాని మధ్యలోకి పాకి కోయాల్సిందే. ఆ సాయంత్రం కత్తెరమ్మ టీ కూడా ముట్టలేదు.

మర్నాడు వియ్యపురాలు వచ్చింది. బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళిచూపుల నాటి నుంచీ ఈ ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కూతురు అత్తగారిని ఎత్తడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమే, బియ్యం బస్తా అనుకున్నావా ఆవిడ్ని?"

"వదిలేస్తే పడిపోతారమ్మా!"

"నువ్విలా ఎత్తుతూ ఉంటే ఖాయంగా పడిపోతారు. వదినగారూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని లేవండి చూద్దాం."

కత్తెరమ్మ ముందుకు ఊగింది, వెనక్కి ఊగింది. లేవలేదు.

"పెళ్ళి పందిట్లో నా మీదికి ఎంత జోరుగా లేచారు! ఆ కాళ్ళేమయ్యాయి?"

"మీ మాటలు వింటే శవం కూడా లేస్తుంది వదినగారూ. రేపు రండి, చెప్తా."

వచ్చింది. రోజూ వచ్చింది. పాదాలు వెనక్కి లాక్కుని, ఛాతీ ముందుకు వంచి, చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవడం నేర్పింది. "దబీమని కూలబడకండి, కుర్చీ ఏం పాపం చేసింది? మెల్లగా!" వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడడం. మొదట రెండు చేతులతో, తర్వాత ఒక చేత్తో, ఆఖరికి ఒక్క వేలితో. గచ్చు మీది గీత వెంట మడమకు బొటనవేలు ఆనించి నడక. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయడం. మంచం మీద పడుకుని అరికాలికి తువ్వాలు వేసి కాలు చాపి లాగడం.

తొడలు పచ్చిపుండ్లయ్యాయి. కత్తెరమ్మ వియ్యపురాలి ఏడు తరాలనీ తిట్టింది.

"కండ లాగితే లాగనివ్వండి. కీలులో పొడిస్తే మాత్రం ఆపండి. తిట్లు ఆపక్కర్లేదు, ఊపిరితిత్తులకు మంచిది" అంది డ్రిల్లు టీచరు.

చివరికి నేల. పక్కకి తిరిగి, చేతులూ మోకాళ్ళ మీదికి వచ్చి, ఒక పాదం ముందుకు వేసి, కుర్చీ పట్టుకుని లేవడం. లేచింది! కొడుకు చూశాడు, ఒప్పుకోలేదు.

"ఇక్కడ కుర్చీ ఉంది. గుడ్డ మధ్యలో ఏం పట్టుకుంటావ్?"

"ఏమీ పట్టుకోను. రేపు నేనే దిగుతా. లేవలేకపోతే కత్తెర ఆ మనిషికే ఇచ్చెయ్."

అతను వెళ్ళగానే వియ్యపురాలు చెవి దగ్గరికొచ్చింది. "కుర్చీ లేకుండా ఒక్కసారైనా లేచారా వదినగారూ?"

"లేదు."

"బాగుంది. నోరు ముందే వెళ్ళిపోయింది. కాళ్ళని తోలుకొద్దాం పదండి. చేతులు మీ మోకాలి మీదే వేసి నెట్టండి."

మర్నాడు కార్ఖానా నేలంతా ఎర్రటి మఖ్మల్. మిషన్లు ఆగిపోయాయి. కత్తెరమ్మ చెప్పులు విడిచి మధ్యకు నడిచింది, మోకాళ్ళ మీద దిగింది. దారానికి సుద్దబిళ్ల కట్టి వంపు గీసింది. కత్తెర గుడ్డలో పడింది. ఎన్నాళ్ళయింది ఆ చప్పుడు విని! పాకింది, కోసింది, మొదటి వంపు పూర్తి చేసింది. వంపు సరిగ్గా వచ్చిందో లేదో పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. లేవాలి.

ఒక పాదం ముందుకు వేసింది. మోకాలి మీద చేతులు వేసి నెట్టింది. పాదం సర్రున జారింది. అరచేతుల మీద పడింది.

"అమ్మా!" కొడుకు ముందుకు దూకబోయాడు.

"ఆగరా! సుద్దగీత తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"

అతని చొక్కా పట్టుకుని ఆపింది ఎవరో కాదు, కోడలే. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పట్టు మాత్రం వదల్లేదు. "ఉండండి. అత్తయ్య లేస్తారు." డ్రిల్లు టీచరు లేవండన్నట్టు గడ్డం పైకెత్తింది.

కత్తెరమ్మ అరచేతి కింద గుడ్డను నిమిరింది. మఖ్మల్‌కు నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే అడ్డుకుంటుంది. తను నూగు వాలు వైపు కాలు నెట్టింది, జారక ఏమవుతుంది? బుద్ధిలేనిదాన్ని, అనుకుంది. చేతులూ మోకాళ్ళ మీదే గిర్రున వెనక్కి తిరిగింది. పాదం వేసింది. ఈసారి నూగు పాదాన్ని పట్టుకుంది. మోకాలి మీద రెండు చేతులూ వేసి, ఊపిరి వదులుతూ నెట్టింది. తొడలు వణికాయి. వణికితే వణకనీ. నడుము లేచింది. వెన్ను లేచింది. తల లేచింది.

గోడ లేదు, కుర్చీ లేదు, ఎవరి చెయ్యీ లేదు. ఎర్రటి మఖ్మల్ మధ్యలో కత్తెరమ్మ నిటారుగా నిలబడింది. మిషన్ల దగ్గరి ఆడవాళ్ళు కేకలు పెట్టారు, బల్లలు చరిచారు. కోడలు ఏడుస్తూ నవ్వింది.

కత్తెరమ్మ మాత్రం వంపు చూస్తోంది. "ఎడం పక్క కాస్త లావుగా వచ్చింది. సరిచేస్తా. ఏంట్రా గుడ్లప్పగించి చూస్తావ్? ఆ మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పు."

కొడుకు ఫోను తీసుకుని బయటికి నడిచాడు. మాట్లాడి తిరిగొచ్చేసరికి ఎడం పక్క సరైపోయింది, కత్తెరమ్మ రెండో వంపులో సగం దాకా పాకేసింది.