మూడు వందల ఒకటో ముడి

మా వదినది ఎడమచేతి వాటం. ఇరవై ఏళ్లుగా నాకు తెలిసిన ఆ సంగతిని నేను ఒక్క పూట మరచిపోయాను. చెప్పబోయేదంతా ఆ పూట వల్ల జరిగిందే.

మేమిద్దరం ఒకే కార్ఖానాలో పనిచేసేవాళ్లం. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం కొందరిలో గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది. పగిలిందంటే మనిషి దక్కడం కష్టం. పొట్ట కోయనక్కరలేకుండా, తొడ మొదట్లో చిన్న గాటు పెట్టి, అక్కడి నాళంలోంచి ఒక సన్నని కేథెటర్ గొట్టాన్ని పైకి పంపుతారు. దాని కొసలో, గొడుగు మడిచినట్టు, ఒక గుడ్డగొట్టం ముడుచుకొని ఉంటుంది. ఉబ్బిన చోటికి చేరాక పై తొడుగును వెనక్కి లాగితే, గుడ్డకు కుట్టిన తీగచుట్లు విచ్చుకొని దాన్ని నాళపు గోడకు అదిమిపెడతాయి. ఇక రక్తం గుడ్డలోంచే పారుతుంది. ఉబ్బు మీద ఒత్తిడి ఉండదు.

మేము తయారుచేసేది ఆ గుడ్డగొట్టాన్నీ, దాన్ని మోసుకుపోయే కేథెటర్‌నూ. నేతకు యంత్రాలున్నాయి, తీగను వంచడానికి యంత్రాలున్నాయి. తీగచుట్టును గుడ్డకు కుట్టడం మాత్రం చేతుల పనే. వెడల్పు రకానికి మూడు వందల పన్నెండు ముళ్లు. ప్రతి ముడీ మైక్రోస్కోపు కింద, వెంట్రుకంత దారంతో వేయాలి. ఒక్కో గొట్టానికి రెండు రోజులు పట్టేది. వదిన కుట్టేది. ఆమె వెనక బల్ల నాది. కుట్టినవాటిని లెక్కించి, సరిగ్గా ఉంటే సంతకం పెట్టడం నా పని. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆమే. ఇంట్లో పుస్తకాలు ముందేసుకొని కూర్చున్నవాణ్ణి, ‘తప్పులు పట్టడం తప్ప ఇంకేమీ రాని మనిషికి ఇంతకన్నా మంచి కొలువేముంటుంది’ అంటూ తీసుకువెళ్లింది.

ముడి ముడికీ పెదవుల మీదే లెక్కపెట్టుకోవడం ఆమెకు అలవాటు. వడగట్టిన గాలి తిరిగే ఆ గదిలో అందరమూ తల నుంచి పాదం దాకా తెల్లటి తొడుగుల్లో ఉండేవాళ్లం. ఎవరు ఎవరో గొంతును బట్టే పోల్చుకోవాలి. ఫ్యాను చప్పుడులా ఆ లెక్క పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగేది. సాగుతున్నట్టు ఎవరూ గమనించేవారు కాదు. టీకి బయటికి వచ్చినప్పుడు, ముఖం మీది తొడుగు గడ్డం కిందికి లాక్కొని, “ఏం లెక్కల మాస్టారూ, ఇవాళ ఎన్ని ముళ్లు ఎగ్గొట్టానో తేల్చారా?” అని ఆటపట్టించేది. ఆమె ఎగ్గొట్టిన ముడి అంటూ ఎన్నడూ లేదు. మెలికను ఎడమవైపు తిప్పి బిగించే ఆమె ముడిని నేను చేతివ్రాతలా గుర్తుపట్టేవాణ్ణి.

మా దగ్గర ప్రతి బల్ల మీదా రెండు పళ్లేలుంటాయి. పని జరుగుతున్న గొట్టం ఎడమ పళ్లెంలో, పూర్తయినది కుడి పళ్లెంలో పెట్టాలి. వదినకు మాత్రం అంతా తారుమారు. కత్తెర కొక్కెం ఎడమన, పూర్తయినవాటి పళ్లెం ఎడమన, జరుగుతున్న పని కుడిన. మొదట్లోనే అడిగి ఆ వెసులుబాటు తెచ్చుకుంది. పాతవాళ్లందరికీ తెలిసిన విషయం కనుక దాన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.

ఆ రోజు పదకొండు గంటలు దాటాక, కళ్లు అలసినట్టుగా, ఆమె మైక్రోస్కోపు పక్కన బల్లకు తల ఆన్చింది. కాసేపు ఎవరమూ పట్టించుకోలేదు. పిలిస్తే లేవలేదు. తలలో ఏదో నాళం తెగిందని తరువాత చెప్పారు. అంబులెన్సు ఆసుపత్రి చేరేసరికే అంతా అయిపోయింది.

కబురందుకొని వచ్చిన అన్నయ్య ఆమె వెంట వెళ్లాడు. నేను ఆఖరి సంతకాలు పెట్టి వస్తానని ఆగాను. ఎందుకు ఆగానో ఇప్పటికీ చెప్పలేను. వేరే విభాగం నుంచి ఆ వారమే వచ్చిన సూపర్‌వైజరు ఆమె బల్ల సర్దించాడు. కుడి పళ్లెంలోని గొట్టాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు. ఎడమ పళ్లెంలోనిది, నిబంధన ప్రకారం, మనిషి లేక ఆగిపోయిన పనిగా కత్తిరించి పారవేయించాడు. నేను మైక్రోస్కోపులో చూశాను. ఎడమకు తిరిగిన మెలికలు వరసగా కనబడ్డాయి. కళ్లు నిండి మసకబారాయి. ఆమె చేతి పనిని, ఆ పూట, లెక్కపెట్టడం అవమానంలా తోచింది. సంతకం పెట్టాను.

పంతొమ్మిదో రోజున ఆమె బల్ల మరొకరికి ఇస్తూ వస్తువులు తీయమన్నారు. కత్తెర తీయడానికి కుడివైపు చెయ్యి చాపాను. అక్కడ కొక్కెం లేదు. నేను సంతకం పెట్టినది ఆమె కుడి పళ్లెంలోనిది.

ఆ క్షణంలోనే, ఆనాడు విన్నానని కూడా తెలియనిది వినబడింది. ‘మూడు వందల ఒకటి.’ ఆ తరువాత ఏమీ లేదు. దారం మారుస్తోందనుకున్న ఆ నిశ్శబ్దం వినబడింది.

గొట్టం అప్పటికే కేథెటర్‌లోకి ఎక్కి, పెట్టెలో సీలు పడి, వెళ్లిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. చెబితే నెపం పోయిన మనిషి మీదికి తోసి, ఆమె ఇన్నేళ్ల పనినీ తిరగదోడతారన్నది నాకు నేను చెప్పుకొన్న సాకు. సాకు భయం కన్నా మర్యాదగా కనిపిస్తుంది కాబట్టి దాన్నే ఎక్కువగా నమ్మాను.

అప్పటి నుంచి ఆ లెక్క నన్ను వదలలేదు. మెట్లు ఎక్కుతున్నా, కుళాయి కారుతున్నా, బస్సు అద్దం గడగడలాడుతున్నా అదే. మెల్లగా, ఏ తొందరా లేకుండా సాగి, మూడు వందల ఒకటి దగ్గర ఆగేది. ఆగిన చోట నేను ఊపిరి బిగబట్టి ఉండేవాణ్ణి. ఏ పుస్తకం చదువుతున్నా మూడు వందల ఒకటో పేజీ తిప్పడానికి చెయ్యి వచ్చేది కాదు. అలా సగంలో ఆగిన పుస్తకాలు నా గదిలో ఒక అలమరకు సరిపడా పోగయ్యాయి. పనిలో మాత్రం ప్రతి గొట్టాన్నీ రెండేసి సార్లు లెక్కించి, రెండు అంకెలూ రిజిస్టరులో రాసేవాణ్ణి. నా అంత శ్రద్ధ ఎవరికీ లేదని మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నాడు.

పద్నాలుగు నెలలు గడిచాయి. నడుం నొప్పి అని వెళ్లిన అన్నయ్యకు స్కానింగులో కడుపు నాళం ఉబ్బు బయటపడింది. పెద్దదే. ఆలస్యం వద్దని గురువారానికి రోజు ఖాయం చేశారు. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు. ముప్పై ఏళ్లు బస్సుల గొట్టాలు మార్చానని, ఇప్పుడు తనే షెడ్డుకు వచ్చానని డాక్టరుతో పరాచికాలాడాడు. నేను నవ్వలేకపోయాను. డాక్టరు చెప్పిన కొలత వెడల్పు రకానిది. వెడల్పు రకం కుట్టే చేతులు మా దగ్గర ఇద్దరివే ఉండేవి.

సోమవారం మధ్యాహ్నం అన్నయ్య నా గదికి వచ్చాడు. పుస్తకాలు పక్కకు జరిపి మంచం మీద కూర్చొని, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

“దొరికింది రా. ఆసుపత్రి స్టోరులో అడిగి వెతికించాను. వెడల్పు రకం, ఒకటే ఉంది. కుట్టినవారు ఇరవై మూడు. తనిఖీ నువ్వు, తను పోయిన రోజే.”

ఇరవై మూడు వదిన సంఖ్య. ఆమె గుర్తింపు బిళ్ల ఇప్పటికీ వాళ్లింట్లో తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది.

“డాక్టరు ఒప్పుకున్నాడు. మొగుడూ పెళ్లాం ఇక విడిపోయే పని లేదు,” అన్నాడు, కాగితాన్ని మోకాలి మీద సాపు చేస్తూ.

నేను ఏవేవో చెప్పాను. కొత్తవి ఇంకా మేలైనవన్నాను. దాని గడువు దగ్గరపడి ఉంటుందన్నాను. గడువు ఇంకా ఎనిమిది నెలలుందని కాగితం చూపించాడు. నా ముఖంలోకి చూసి, “మీ వదిన వంటకు వంక పెట్టేవాడివి గాని, పనికి ఎప్పుడూ పెట్టలేదే,” అన్నాడు.

లోపల లెక్క మొదలైంది. దాన్ని చివరి దాకా రానివ్వకుండా నోరు తెరిచాను.

“అన్నయ్యా, అది పూర్తయింది కాదు. సగంలో ఉండగానే వదిన పోయింది. నేను లెక్కపెట్టకుండా సంతకం పెట్టాను.”

పళ్లేల సంగతి, కొక్కెం సంగతి, పదకొండు ముళ్ల సంగతి వరసగా చెప్పాను. ఆయన కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో మడిచాడు.

“నీకు తెలిసి ఎన్నాళ్లయింది?”

“పద్నాలుగు నెలలు.”

“నాకు పెడతారని తెలిసి చెప్పావు. ముక్కూ మొహం తెలియనివాడికి పెట్టేవాళ్లయితే చెప్పేవాడివా?”

జవాబు నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. కిటికీ బయట ఎవరో సైకిలు గంట మోగిస్తూ వెళ్లారు. అన్నయ్య తన ఫోను తీసి నా చేతిలో పెట్టి, మేనేజరుకు ఇప్పుడే చెప్పమన్నాడు. చెప్పేంత వరకూ నా ఎదుటే కూర్చున్నాడు.

మర్నాడు పెట్టె వెనక్కి వచ్చింది. సీలు తెంచి, కేథెటర్ తొడుగును బల్ల మీదే వెనక్కి లాగారు. నాళంలో విప్పుకోవలసిన గుడ్డగొట్టం దీపం కింద మెల్లగా విచ్చుకొంది. మేనేజరు, సూపర్‌వైజరు చెరో పక్క నిలబడ్డారు. అన్నయ్యను అద్దం అవతల నిలబడనిచ్చారు. పైకి లెక్కించమని నాకే చెప్పారు. బహుశా అది శిక్షలో భాగం. మూడు వందల ఒకటి దాకా వచ్చి ఆగాను. తరువాతి చోట సూది దిగిన రంధ్రం ఉంది. దారం లేదు. దాని పక్కన మరో పది చోట్ల రంధ్రం కూడా లేదు. పద్నాలుగు నెలల నాడు కత్తిరించి పారేసిందే ఆమె పూర్తిచేసిన ఆఖరి గొట్టం.

అద్దం అవతల అన్నయ్య నా పెదవులనే చూస్తున్నాడు.

నన్ను తనిఖీ నుంచి తప్పించి చీటీలు అంటించే గదికి మార్చారు. ఆపరేషను వారం వాయిదా పడింది. ఆ వారమంతా అన్నయ్య దగ్గితే నేను లేచి నిలబడేవాణ్ణి. వేరే ఊరి ఆసుపత్రి నుంచి తెప్పించిన గొట్టం, వదిన దగ్గర పని నేర్చుకొన్న అమ్మాయి కుట్టినది. దాని మీద తనిఖీ సంతకం నాదే. రిజిస్టరు తీయించి చూశాను. నా వ్రాతలో, పక్కపక్కనే, 312, 312.

ఆపరేషనుకు నడుం కిందికే మత్తు ఇచ్చారు. మనిషి మెలకువగానే ఉన్నాడు. గంటన్నర తరువాత బయటికి తెచ్చి, కిటికీ దగ్గర మంచం మీద పడుకోబెట్టారు. గొట్టం చక్కగా కూర్చుందని, ఎక్కడా కారడం లేదని డాక్టరు చెప్పి వెళ్లాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. అన్నయ్య ముఖం పాలిపోయి ఉంది, కళ్లు తేటగా ఉన్నాయి.

“లోపల ఎవర్రా లెక్కపెట్టింది?” అన్నాడు.

నర్సు వైపు చూశాను. ఎవరూ లెక్కపెట్టలేదని, నొప్పి తెలియకుండా ఇచ్చిన మందుకు అలా అనిపిస్తుందని ఆమె నవ్వుతూ సెలైను సరిచేసి వెళ్లింది.

“తొడుగు లాగుతున్నామని డాక్టరు అన్నప్పుడు మొదలైంది. మూడు వందల రెండు నుంచి. ఏం తొందర లేదు, మామూలుగానే. మూడు వందల పదకొండు దాకా వచ్చింది.”

“తరవాత?”

“తరవాత డాక్టరు అయిపోయింది అన్నాడు.”

నేను చదువుకున్నవాణ్ణి. మూడు వందల ఒకటి అన్న అంకె ఆయన తలలో వేసింది నేనే. అద్దం అవతలి నుంచి నా పెదవులను చూసిన మనిషి. మందు మగతలో మనసు మిగిలిన లెక్కను అందుకొని ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. అయితే ఆ రోజు నుంచి మెట్ల మీదా, కుళాయి దగ్గరా నాకు ఏమీ వినబడటం లేదు. సగంలో వదిలిన పుస్తకాలన్నీ పూర్తిచేశాను. ఆ లెక్క నన్ను విడిచి ఎక్కడికి పోయిందో ఆలోచించకుండా ఉండటానికే చదువుతున్నాను.

ఆరు నెలలకొకసారి స్కానింగు. ఫిల్ము రాగానే అన్నయ్య దాన్ని నాకిస్తాడు. నేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాను. వెన్నెముక పక్కన తీగచుట్లు తెల్లగా, ఒకదాని కింద ఒకటి, అన్నీ ఉంటాయి. వాటినైతే లెక్కపెట్టగలను. దారం మాత్రం ఎక్స్‌రేకు చిక్కదు. ముళ్లు ఏ ఫిల్ములోనూ కనబడవు.

“సరిగ్గా ఉందా?” అంటాడు.

“ఉంది.”

“ఎన్ని?”

“మూడు వందల పన్నెండు. రెండుసార్లు లెక్కపెట్టాను, అన్నయ్యా.”

తల ఊపుతాడు. అరచెయ్యి పొట్ట మీద ఆన్చుకొని, తల కాస్త పక్కకు వంచి, నేను చెప్పిన అంకెను మరొకరి నోట వినడానికి ఆగుతాడు.